ఇల్లు చూస్తామన్నవాళ్లకి మొదటి మాట

“నమస్కారం. మీ సందేశానికి ధన్యవాదాలు. ఇల్లు చూడదలచినచో మీకు అనుకూలమైన సమయం తెలియజేయగలరు.”

నేను రాసిన మొదటి జవాబు ఇది. రెండుసార్లు చదువుకుని, ‘చూడదలచినచో’ భలే కుదిరిందనుకుని పంపాను. అవతలి మనిషి ఎవరో నాకు తెలియదు. “టులెట్ ఉందట, చూడొచ్చా” అని మాత్రం అడిగాడు. పది నిమిషాలకి తిరిగి వచ్చింది: “సారీ మేడమ్, ఇది బ్యాంకా?” కాదండీ, ఇల్లే అని గబగబా రాశాను. ఆయన మళ్లీ పలకలేదు.

పలాస పక్కనే, కాశీబుగ్గలో మాది పైన ఒక వాటా, కింద ఒక వాటా ఉన్న చిన్న ఇల్లు. మా మామగారు బతికుండగా కట్టించారు. పైన మేం ముగ్గురం ఉంటాం: నేను, మా ఆయన, ఇంకా రెండేళ్లు నిండని పాప. ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచి బావ అని పిలిచి ఇప్పుడూ అలాగే పిలుస్తాను. బావది రైల్లో పని. గూడ్సు బండి ఎక్కితే ఒక్కోసారి రెండో రోజుకి గానీ ఇల్లు చేరడు. బండి మీద ఉన్నంతసేపూ ఫోను కట్టేసి ఉంటుంది.

కింద వాటాలో ఒక టీచరుగారి కుటుంబం నాలుగేళ్లు ఉంది. పాపకి పద్నాలుగో నెలలో ఒకసారి జ్వరం వచ్చింది. పొద్దున పదకొండు గంటలప్పుడు ఉన్నట్టుండి కళ్లు తేలేసి, చేతులు బిగబట్టి, పెదాలు నీలంగా అయిపోయింది. బావ బండి మీద ఉన్నాడు. నేను మెట్ల మీదికి వచ్చి అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. టీచరుగారి భార్య చేతికి పిండితోనే పైకి పరిగెత్తుకొచ్చి, పాపని పక్కకి తిప్పి పట్టుకుని, ఆటో పిలిచి, నన్ను కూడా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. జ్వరం ఎక్కువైతే కొంతమంది పిల్లలకి ఇలా ఫిట్స్ వస్తాయి, అయిదారేళ్లకి పోతాయి, భయపడకండి అన్నాడు డాక్టరు. భయపడకండి అనడం ఆయన పని. భయపడడం నా పని. ఇద్దరం ఎవరి పని వాళ్లం చేస్తున్నాం.

ఆ తరవాత టీచరుగారికి బదిలీ అయింది. కింద వాటా మూడు నెలలు ఖాళీగా పడి ఉంది. బావ డ్యూటీకి వెళ్లినప్పుడల్లా ఆ ఇంట్లో నేనూ పాపా. పాప ఒళ్లు కాస్త వెచ్చగా తగిలితే చాలు, థర్మామీటరు కోసం పరిగెత్తేదాన్ని. మెట్ల మీద నుంచి పిలిస్తే పలికే మనిషి ఒకరు నాకు కింద కావాలి. అంతే. అద్దె ఎంత, ఎప్పుడు ఇస్తారు, అదంతా బావ చూసుకుంటాడు.

ఇంటి ఫొటోలు రెండు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి, గేటుకి ఒక బోర్డు కట్టి, రెండు చోట్లా నా నంబరే ఇచ్చాడు బావ.

“నానెలాగూ ఫోను సూడను. నువ్వు డిగ్రీ సదివినావు కదేటి. నువ్వే రాయి,” అన్నాడు.

డిగ్రీలో నేను చదివింది కెమిస్ట్రీ. ముక్కూ మొహం తెలియని మనిషి ఇంటికి వస్తానంటే ఏ మాటతో మొదలుపెట్టి జవాబు రాయాలో ఏ సెమిస్టరులోనూ చెప్పలేదు.

బ్యాంకా అని అడిగిన మనిషి పోయాక నాకు ఈ మొదటి మాట మీద కుతూహలం పుట్టింది. ఫోను తెరవకుండానే పైన కనిపించేది ఆ ఒక్క వాక్యమే కదా. అది చూసే మిగతాది చదవాలో వద్దో తేల్చుకుంటారు. మనవాళ్లంతా ఎలా మొదలుపెడతారని నా ఫోన్లో పాత మెసేజీలన్నీ వెనక్కి జరిపి చూశాను. మా అత్త ఫోను చేస్తే హలో అనదు. “గుంట తిన్నాదా?” అంటుంది. గుంటంటే మా పాప. బావ బండి దిగగానే “దిగీసినాను” అని రాస్తాడు. కాలేజీలో నా పక్కన కూర్చున్న అమ్మాయి చర్చి కుటుంబం. ఎంత తిట్టుకున్న మర్నాడైనా “వందనాలే” అనే మొదలుపెడుతుంది. టెక్కలిలో మా అమ్మయితే ఎవరికి ఫోను చేసినా “ఆఁ, అదే మరి” అంటుంది. ఏది మరి? ఎవరికీ తెలియదు. కానీ అవతలివాళ్లు “అవును” అంటారు. నోటితో మాట్లాడేటప్పుడు మనం అసలు మొదలే పెట్టం, నిన్న ఆపిన చోట అందుకుంటాం. కొత్త మనిషితో మాత్రం నిన్న అనేది ఉండదు.

నెమ్మదిగా ప్రయోగాలు చేశాను. “ఆఁ చెప్పండి” అని రాస్తే, “ఏం చెప్పాలి? మీరే చెప్పాలి” అని వచ్చింది. నోటితో అంటే ఎంతో మర్యాదగా ఉండే మాట, రాస్తే విసుక్కున్నట్టు కనబడింది. తరవాత ఒకరికి “హాయ్ అండి” అన్నాను. ఆ అబ్బాయి ఇల్లు చూడ్డానికి రాలేదు గానీ వారం రోజులు పొద్దున్నే గులాబీలతో గుడ్ మార్నింగులు పంపాడు.

బావకి చూపిస్తే పడి పడి నవ్వాడు. “ఈడికి ఇల్లొద్దే. నువ్వు ఎప్పుడు కాళీ అవుతావో కనుక్కుంటన్నాడు,” అన్నాడు.

“నవ్వకు. నంబరు నీది పెట్టాల్సింది.”

“నాదైతే గులాబీలొస్తాయేటి?”

ఆ నంబరు తీసేశాను. హాయ్ కూడా తీసేశాను.

ఒక శనివారం మా అత్త వచ్చింది. ఆవిడ పెద్దకొడుకు దగ్గర, సంతబొమ్మాళి పక్క ఊళ్లో ఉంటుంది. వస్తే సంచీ నిండా తోటకూరో, ఎండుచేపలో, చింతపండో తెస్తుంది. సంచీ దించి, పాపని ఒళ్లో వేసుకుని, నా చేతిలో ఫోను చూసింది.

“ఏటది, పొద్దస్తమానం నొక్కుతున్నావు?”

“ఇల్లు చూస్తామని రాస్తున్నారత్తా. నేను జవాబిస్తే మళ్లీ మాట్లాడ్డం లేదు.”

“ఏటి రాత్తన్నావు? సదువు.”

చదివాను.

“ఓలమ్మా! కలకటేరు రాసినట్టుంది. దానికి ఎవులొత్తారే? బయపడి పారిపోతారు.”

“మరేటి రాయమంటావు?”

“ఊరడుగు. మీదే ఊరని అడిగితే సాలు, మిగతాయన్నీ ఆలే సెప్తారు. ఊరడక్కుండా ఇల్లెలాగిత్తావు?”

అవును కదా అనిపించింది. టెక్కలి బస్టాండులో పలాస బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లని చూడండి. ఒకావిడ “మీదే ఊరండీ” అంటుంది. బస్సు వచ్చేసరికి ఒకరి చెల్లెలు మరొకరి తోటికోడలి ఊరికి కోడలని తేలుతుంది. బస్సులో సీటు పంచుకుంటారు. మా వైపు ఇంతకంటే సహజమైన మొదటి మాట లేదు. ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదో!

“నమస్తే అండి. మీది ఏ ఊరండీ?”

పనిచేసింది. మందస నుంచి ఒకాయన ఊరితోపాటు తాతల ఊరు, అత్తవారి ఊరు కూడా రాశాడు. ఇంకొకావిడ మా అమ్మమ్మ ఊరే అయింది. అరగంట మాట్లాడుకున్నాం, ఇల్లు సంగతి ఇద్దరం మరిచిపోయాం. ఇద్దరు వచ్చి చూశారు కూడా. ఒకరికి వంటగది చీకటిగా ఉంది. మరొకరికి కింద జీడిపప్పు బస్తాలు పెట్టుకోవాలట, మనుషులు ఉండరట. బస్తాలు పిలిస్తే పలకవు. వద్దన్నాను.

అయినా నాకు సంతోషంగానే ఉంది. మాట నడుస్తోంది, ఇవాళ కాకపోతే రేపు ఎవరో కుదురుతారు.

అప్పుడు ఈ మెసేజీ వచ్చింది. ప్రొఫైల్ ఫొటోలో మనిషి లేదు, కొబ్బరి మొక్క ఉంది. పేరు మాత్రం ఆడమనిషిదే. “కింద పోర్షనేనా అమ్మా? మెట్లు ఉన్నాయా?”

“నమస్తే అండి. మీది ఏ ఊరండీ?” అన్నాను.

నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. సాయంత్రం దాకా చూశాను. మర్నాడు పొద్దున పాపకి ఇడ్లీ పెడుతూ చూశాను. లేదు.

మందసాయన చెప్పాడు, అమ్మమ్మ ఊరావిడ చెప్పింది, ఈవిడెందుకు చెప్పలేదు? ఒక మనిషి జవాబివ్వకపోతే ఇంత ఆలోచించక్కర్లేదు. కానీ నాకు ఒకసారి మనసులో పడితే పోదు. ఊరు అడిగిన వాళ్లందరి మెసేజీలూ మళ్లీ తీశాను. చెప్పినవాళ్లు ఒకవైపు, మాట ఆపేసినవాళ్లు ఒకవైపు. ఆపేసినవాళ్లు ఈవిడతో కలిపి ముగ్గురు. మిగతా ఇద్దరూ ఏమడిగారో చూశాను. “ఆసుపత్రికి ఎంత దూరం?” అని ఒకరు. “బాత్రూమ్ ఇంటి లోపలే ఉందా, బయటా?” అని ఇంకొకరు. మిగిలినవాళ్లంతా అడిగే అద్దె ఎంత, బండి పెట్టుకోవడానికి చోటుందా అనే మాట ఈ ముగ్గురిలో ఎవరూ ముందు అడగలేదు.

ఆ మధ్యాహ్నం బావ డ్యూటీ దిగి వచ్చి, నేల మీద వెల్లకిలా పడుకుని ఉంటే ఫోను మొహం మీద పెట్టాను.

“ఈళ్లు ఉద్దానమోళ్లే,” అన్నాడు ఒక్క చూపు చూసి.

“నీకెలా తెలుసు?”

“మెట్లు, ఆసుపత్రి, లోపల బాత్రూము. ఇంకేటి కావాలే? డయాలసిస్‌కి వచ్చీవోళ్లు. ఊరి పేరు సెప్తే ఇల్లివ్వరు. అందుకని సెప్పరు.”

ఫోను తీసుకుని ఆ మూడు మెసేజీలూ మళ్లీ చూశాను.

“మాతోటి పనిసేసీ కంచిలి కుర్రోడున్నాడు కదా. పెళ్లి సూపులకెళ్లి ఊరు పేరు సెప్పినాడంట. అంతే. లోపల కలుపుతున్న కాఫీ బయటికి రానేదంట. ‘బావా, కాఫీ అయినా తాగి ఊరు సెప్పాల్సింది’ అని ఆడే నవ్వుతాడు.”

బావ కూడా నవ్వబోయి ఊరుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఈ సంగతి నాకు తెలియనిది కాదు. టెక్కలిలో పుట్టి పెరిగిన దాన్ని. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి వినకుండా ఎవరు పెరుగుతారు? కవిటి, కంచిలి, సోంపేట పేర్లు చెప్పగానే పెద్దవాళ్ల గొంతు తగ్గడం చిన్నప్పుడే చూశాను. తెలిసీ, అడిగేటప్పుడు తట్టలేదు. ఊరు అడగడమంటే లోపలికి రమ్మనడమని అనుకున్నాను. టెక్కలి బస్టాండులో అలాగే ఉంటుంది. కానీ ఇల్లు వెతుక్కుంటూ అప్పటికే నాలుగు గుమ్మాలు తిరిగిన మనిషికి అదే మాట ఎలా వినబడుతుందో నేను ఎప్పుడూ వినలేదు.

“మరి ఇద్దామా బావా, వాళ్లకి?”

“ఇయ్యడానికేటి? అమ్మే ఊరుకోదు.” పక్కకి తిరిగాడు. “మనిసికి ఏటైనా అయితే? నచ్చత్రం మంచిది కాకపోతే ఇల్లు మూసీమంటాది. అప్పుడు గుంటని పట్టుకుని నువ్వెక్కడికెల్తావు?”

మా వైపు ఇది ఉన్నదే. కొన్ని నక్షత్రాల్లో మనిషి పోతే ఆ ఇంటికి తాళం వేసి నెలల తరబడి వదిలేస్తారు. మా ఇంటికి పైకీ కిందకీ ఒకటే గేటు. జబ్బు మనిషికి ఇల్లివ్వనివాళ్లందరూ రాతిగుండెవాళ్లేం కాదు. చాలామందికి ఆ తాళం భయం.

బావ నిద్రపోయాడు. ఆవిడకి మళ్లీ ఏదో ఒకటి రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు. ఇల్లిస్తానో ఇవ్వనో తేల్చుకోలేదు. కానీ ఆ నీలం టిక్కుల దగ్గర మాట అలా ఆగిపోవడం భరించలేకపోయాను.

“క్షమించండి, తప్పుగా అనుకోకండి” అని రాశాను. చెరిపేశాను. అలా అంటే ఆవిడ ఎందుకు ఆగిపోయిందో నాకు తెలిసిపోయిందని చెప్పినట్టే. “మాకు ఏ ఊరైనా పర్వాలేదండి” అని రాశాను. అది ఇంకా ఘోరం. పర్వాలేదు అన్నాక పర్వా ఉన్నట్టే కదా. “ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందండి” అంటే బ్రోకరు మాట. ఒట్టి “నమస్తే అండి” అంటే మళ్లీ దాని వెనక ఏం అడుగుతుందో అని భయపడుతుంది. తెలుగులో మొదటి మాటకి ఇంత కరువుందని నేనెన్నడూ అనుకోలేదు.

చివరికి ఆవిడ రాసింది మళ్లీ చదివాను. “కింద పోర్షనేనా అమ్మా? మెట్లు ఉన్నాయా?” ఆవిడ నన్ను రెండు సంగతులు అడిగింది. నేను ఒక్కదానికి కూడా జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాను. మొదటి మాట ఆవిడ ఎప్పుడో అనేసింది. నేను పలకడమే మిగిలింది.

“అవునండి, కింద పోర్షనే. మెట్లు లేవు. గుమ్మం దగ్గర గడప మాత్రం కాస్త ఎత్తుగా ఉంటుంది.”

నమస్తే లేదు, ధన్యవాదాలు లేవు. పంపి ఫోను బోర్లా పెట్టేశాను.

రెండు నిమిషాల్లో మోగింది. ఈసారి ఆవిడ రాయలేదు, మాట రికార్డు చేసి పంపింది. వెనక కోళ్లు అరుస్తున్నాయి. సాగదీసి, పాడినట్టున్న గొంతు.

“గడప ఎంతెత్తుంటాదమ్మా? మా ఆయన కాలు పెద్దగా లేపలేడు.”

నేను కిందికి దిగి స్కేలుతో కొలిచి రాశాను. మళ్లీ మాట వచ్చింది.

“నాను ముందే సెప్పీత్తన్నానమ్మా. మాది కవిటి దగ్గిర. ఆయనకి వారానికి మూడు మాట్లు డయాలసిస్. సీకట్నే బస్సెక్కి వచ్చి, తిరిగెల్లీసరికి మనిసి వడిలిపోతన్నాడు. అందుకని ఇక్కడే ఉందామని. మీకు ఇట్టం లేకపోతే ఇప్పుడే సెప్పీయి తల్లీ. వచ్చి, సూసి, మల్లీ ఫోను సేత్తామని మీరనడం, మేం ఎదురుసూడ్డం, అదొద్దు.”

నాలుగుసార్లు విన్నాను. అడగనప్పుడు ఆవిడే ఊరు చెప్పింది. “ఆదివారం పది గంటలకి రండి” అని రాశాను. బావ లేచాక చెబితే, అమ్మ ఒప్పుకుంటే ఇమ్మన్నాడు.

ఆదివారం బావ డ్యూటీలో ఉన్నాడు. వాళ్లిద్దరూ ఆటోలో దిగారు. ఆవిడకి నలభై దాటి ఉంటాయి, గట్టి మనిషి. ఆయన సన్నగా, నల్లగా ఉన్నాడు, మోచేతి దగ్గర నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు ఇవ్వడం అలవాటు కదా, రెండు గ్లాసులు నిండా తెచ్చాను. ఆయన గ్లాసు అందుకున్నాడు. ఆవిడ చూస్తూ ఉంది. రెండు గుక్కలు తాగి ఆయన గ్లాసు ఆవిడకిచ్చేశాడు.

“కొలత ఉంటాదమ్మా. రోజుకింతని,” అంది ఆవిడ, మిగతాది తను తాగేస్తూ. “ఏ నీళ్లివి?”

“టిన్ను నీళ్లే. రోజూ వేస్తారు.”

ఆవిడ గడప దగ్గర కూర్చుని జానతో కొలిచింది. నా స్కేలు మీద నమ్మకం లేదు. ఆయన అటూ ఇటూ చూసి నవ్వాడు.

“రోజుకి నలబై కొబ్బరిసెట్లెక్కీవోడినమ్మా. ఇప్పుడు మీ గడపని సూసి బయపడతన్నాను.”

“ఎక్కినావులే, ఎక్కి అందరి కాయలూ దింపినావు, మన సెట్టు కాయలు మాత్రం ఎండి రాలినాయి,” అంది ఆవిడ. “ఇటికొకటేత్తే సరిపోతాది. ఇంట్లో ఎవులెవులుంటారమ్మా?”

చెప్పాను. మా ఆయన బండెక్కితే రెండేసి రోజులు ఇంట్లో ఉండడు, నేనూ పాపా ఉంటామని. పాప నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వాళ్లని చూస్తోంది.

“మరి ఒక్కదానివీ ఇంత గుంటతో, బయమెయ్యదేటి?”

అప్పుడు నాకు చప్పున తగిలింది. గ్రూపుల్లో ఫొటోల కింద పెట్టిన మాటల్లో గాలి, వెలుతురు, రైల్వేస్టేషన్‌కి దగ్గర అన్నీ ఉన్నాయి. పాప సంగతి లేదు. పైన ఫిట్స్ వచ్చే పిల్ల ఉందని, నేను ఏ క్షణానైనా మెట్ల మీద నుంచి అరుస్తానని తెలిస్తే ఎవరూ రారేమోనని మూడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. ఊరు దాచింది ఆవిడైతే నేను దాచింది ఇది.

“మా పాపకి జ్వరం వస్తే ఫిట్స్ వస్తుందండి,” అన్నాను. “ఒకసారి వచ్చింది. అందుకే కింద మనుషులుండాలని.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. తరవాత పెద్దగా నవ్వింది.

“ఓలమ్మా, నువ్వూ నాలాగేనేటి! సెప్పవేటి మరి? నోట్లో సెంచాలూ అవీ పెట్టీకు. పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఆసుపత్రిలో కూకుని కూకుని నాను సగం డాక్టర్నైపోనాను.”

వెళ్లేముందు ఆవిడ ఇంకొక మాట చెప్పింది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే ఆరింటికి ఇద్దరూ ఆసుపత్రికి వెళ్తారు, మధ్యాహ్నం దాకా రారు. ఆ మూడు పూటలా కింద తాళమే. అది చెప్పి, నేను కాదంటానేమోనని చూసింది. నేను మనసులో వారాలు లెక్కపెట్టుకుంటున్నాను.

సాయంత్రం అత్త ఫోను చేసింది.

“గుంట తిన్నాదా? ఎవులో వచ్చినారన్నావు, కుదిరినారా?”

అంతా చెప్పాను.

“బాగుంది. నిన్ను కనిపెట్టుకునుంటానికి మనిసి కావాలన్నావు. ఇప్పుడు ఆల్లని నువ్వే కనిపెట్టుకునుంటావా? ఏటైనా అయితే నచ్చత్రం ఎవులు సూత్తారు? ఇల్లు మూసీవలిసొత్తే?”

“పాపకి జ్వరం కూడా నక్షత్రం చూసుకుని రావట్లేదు కదత్తా. మూడు నెలలుగా కింద ఎవరూ లేరు. వచ్చి నువ్వుంటావా?”

అత్తతో నేను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. నాకే భయం వేసింది.

“మీ ఆయనేటన్నాడు?”

“అమ్మ ఒప్పుకుంటే ఇవ్వమన్నాడు.”

“ఆడంతే. తప్పు నామీదికి తోసీసి బండెక్కీత్తాడు.” కొడుకుని తిట్టాక గొంతు మెత్తబడింది. “ఎప్పుడు దిగుతారంట? నాను వచ్చి సూత్తాను.”

వాళ్లు దిగిన రోజు అత్త ఒక బూడిద గుమ్మడికాయ పట్టుకుని వచ్చింది. కింది గుమ్మానికి తనే ఉట్టి కట్టించి వేలాడదీసింది. “మీకోసమేటీ కాదు, మా ఇంటికి దిట్టి తగలకుండా,” అంది ఆయనతో. “తగలదులెండి, మా కొబ్బరికాయలు కూడా నాలుగు కడదామా?” అన్నాడాయన. అత్త నవ్వు ఆపుకోడానికి పాపని ఎత్తుకుని పైకి వచ్చేసింది.

వాళ్లు వచ్చాక కూడా నా భయం పోలేదు. వారంలో మూడు పూటలకి కుదించుకుపోయిందంతే. ఆ పొద్దుటిపూటల్లో గంటకోసారి పాప నుదురు ముట్టుకుని చూసేదాన్ని.

రెండో నెలలో ఒక బుధవారం, తొమ్మిదింటికి, పాప ఆడుకుంటూ వచ్చి నా ఒళ్లో తల పెట్టింది. ఒళ్లు కాలిపోతోంది. బావ ముందురోజు రాత్రి బండెక్కాడు. జ్వరం మందు వేసి, పాపని చంకనేసుకుని కిందికి పరిగెత్తాను. తాళం ఉంటుందని తెలుసు, అయినా వెళ్లి చూశాను. గేటు దగ్గర నిలబడి ఆవిడకి ఫోను చేశాను. ఎత్తగానే “పాప కాలిపోతోంది” అన్నాను.

“మందేసినావా?”

“వేశాను.”

“ఫిట్సొచ్చిందా?”

“రాలేదు. వస్తుందేమో.”

“నాను ఆసుపత్రిలోనే కదా ఉన్నాను. నానక్కడికొచ్చి ఏటి సేత్తాను? నువ్వే బేగి ఇటొచ్చీ. గేటు కాడ నిలబడుంటాను.”

ఆ మూడు పూటలూ వాళ్లు ఎక్కడుంటారో నాకు తెలుసు. వాళ్లు ఇంట్లో లేకపోవడమంటే ఆసుపత్రిలో ఉండడమేనని మాత్రం అంతవరకూ తట్టలేదు. ఆటో ఎక్కి తడిగుడ్డతో పాప మెడా చంకలూ తుడుస్తూ వెళ్లాను. గేటు దగ్గర ఆవిడ చీర చెంగు బిగించి నిలబడి ఉంది. నేను దిగకముందే పాపని అందుకుని, ఏ గది, ఏ వరస, ఎవరిని అడగాలి, అన్నీ తెలిసిన మనిషిలా ముందు నడిచింది. నేను చెప్పుల చప్పుడు చేసుకుంటూ వెనక. డాక్టరు చూశాడు. గొంతు వాపుకి జ్వరమన్నాడు. కాసేపు ఉంచి చూసి, మందు రాసి, వెళ్లమన్నాడు. ఫిట్స్ రాలేదు.

ఆయన పడక దిగేదాకా వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఒంటిగంటకి నలుగురం ఒకటే ఆటోలో బయల్దేరాం. పాప ఆవిడ ఒళ్లో ఉంది. ఆయన చేతికి అంటించిన దూదిని పీకబోతుంటే, “అది తియ్యకే తల్లీ, రత్తమొచ్చీత్తాది. ఇది పట్టుకో,” అని రెండో చెయ్యి ఇచ్చాడు. పాప ఆ వేలు పట్టుకునే నిద్రపోయింది.

ఇంటికి వచ్చాక నేను పైకి వెళ్లలేదు. వాళ్ల ముందుగదిలో ఒక చాప మీద పాపని పడుకోబెట్టాం, పక్కన ఇంకొక చాప మీద ఆయన పడుకున్నాడు. డయాలసిస్ అయిన రోజు అలాగే పడి నిద్రపోతాడట. నేను అరగంటకోసారి పాప చంకలో థర్మామీటరు పెడుతున్నాను. ఆవిడ కూర్చున్న చోటు నుంచే ఆయన రొమ్ము లేచి పడడం చూస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. ఒకసారి ఆవిడ నా వైపు చూసి, ఎంత ఉందని కళ్లతో అడిగింది. తగ్గుతోందని తల ఊపాను. ఆయన ఎలా ఉన్నాడని నేనూ అలాగే అడిగాను. బాగానే ఉన్నాడంది.

మూడున్నరకి పాప లేచి ఆకలన్నది. ఆవిడ లేచి పొయ్యి వెలిగించి, జావ కాయడానికి గిన్నె పెట్టింది.